కాలువ అవతలి ఈక

జూన్ మొదటి వానకు సిరిసిల్లలో మా ఇల్లు రెండు చోట్ల కారింది. ఒకటి దేవుడి గూటి పక్కన, రెండోది నా సంచి మీద. దేవుడికి ఏమీ కాలేదు.

ఆ పూట నేను ఏవో కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి బజారుకు పోయాను. తిరిగి వచ్చేసరికి మా అమ్మ ముత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. బీడీల చేట ఒళ్లో పెట్టుకుని, బీడీలకు చుట్టే దారంతోనే డేగ ఈకలను కట్టలు కడుతోంది.

“అచ్చినవా? నీ సంచి మొత్తం నానింది బిడ్డా. కవర్లన్నీ ముద్ద ముద్దయినయ్. నేను సూడకపోతే నీ ఈకలన్నీ కుళ్లిపోవు? ఒక్కొక్కటి తీసి, తుడిసి, ఫ్యాను కింద ఆరవెట్టిన. సైజుల వారీగ కట్టలు గట్టిన. సూడు, ఎంత సక్కగున్నయో!”

చక్కగానే ఉన్నాయి. అదే నా ఏడుపు. పొడుగువి ఇరవై ఐదు, మధ్యరకం ఇరవై ఐదు, పొట్టివి పదకొండు. బీడీ కట్టకు ఇరవై ఐదు కదా, నలభై ఏళ్లు బీడీలు చేసిన చేతికి అదే లెక్క. ఒక్క ఈక కూడా ఎగుడుదిగుడుగా లేదు. కంపెనీ వాడు చూస్తే ఒక్కటి కూడా తీసి పడేసేవాడు కాదు.

“కవర్లేవమ్మా?”

“గా బురద కవర్లా? పడేసిన. చెత్తబండి గిప్పుడే పాయె.”

నేను అరిచిన అరుపుకు పక్కింట్లో బట్ట నేసే సాంచాలు ఆగినంత పనైంది. ఏం అరిచానో నాకు గుర్తులేదు, గుర్తు తెచ్చుకోవాలని కూడా లేదు. మా అమ్మ మాత్రం చేతిలో ఉన్న దారపు ఉండను మెల్లగా కింద పెట్టింది. “మంచిదే అనుకున్న” అంది.

నా కోపం ఎందుకో చెప్పాలి. నేను హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో వేటపక్షుల మీద పరిశోధన చేస్తున్నాను. పక్షిని పట్టుకోనక్కర్లేదు, రక్తం తీయనక్కర్లేదు. రాలిన ఈక మొదట్లో అంటుకుని ఉండే రవ్వంత కణజాలం చాలు. దాని డీఎన్ఏ చదివితే ఆ ఈక ఏ పక్షిదో, దాని తల్లిదండ్రులెవరో కూడా తేలుతుంది. మేడిపల్లి దగ్గర తాటివనాల్లో ఒక చిన్న డేగ ఉంటుంది. పావురమంత ఒళ్లు, నెత్తీ మెడా ఇటుక రంగు. కాకులు వదిలేసిన గూళ్లలో, తాటి మట్టల మధ్య గుడ్లు పెడుతుంది. రాలిన ఈకలు ఆ మట్టల్లోనే చిక్కుకుంటాయి, చెట్టెక్కితే తప్ప దొరకవు. ఇప్పుడు ఎక్కడబడితే అక్కడ కనబడదు.

మేడిపల్లిలో పెద్ద కాలువకు ఇవతల ఒక వనం, అవతల రెండు కిలోమీటర్ల దూరంలో ఇంకొక వనం ఉన్నాయి. అవతలి వనం కొట్టి అక్కడ ధాన్యం గోదాము కట్టాలని మే చివర్లో అర్జీ వచ్చింది. చెట్లు కొట్టడానికి అనుమతి ఇచ్చే కమిటీ జగిత్యాలలో జూన్ ఇరవైన కూర్చుంటుంది. వాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే. రెండు వనాల్లో తిరిగేది ఒకే జంటా, రెండు జంటలా? ఒకే జంటైతే వాటికి ఇవతలి వనం మిగులుతుంది కాబట్టి అవతలిది కొట్టేయొచ్చు. అప్పటికి గూళ్లు ఖాళీ అయ్యాయి, పిల్లలు ఎగిరిపోయాయి. ఇక చూసి చెప్పడానికేమీ లేదు. నా దగ్గరున్న ఈకలే సాక్ష్యం.

నేను పట్నంలో ఉంటే ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ ఈకలు ఏరిపెట్టింది హన్మండ్లు కాక. కల్లు గీసే మనిషి. రాయడం అంటే ఆయనకు చిరాకు. అందుకని నేనే తేలిక మార్గం కనిపెట్టాను. ఇవతలి ఈకలు తెల్ల కవర్లో, అవతలివి ఖాకీ కవర్లో. కవరు రంగే చిరునామా. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు ఆ చిరునామాలన్నీ సిరిసిల్ల చెత్తబండిలో ఊరేగుతున్నాయి.

ఏడుపు ఆగాక మా గైడు సాగర్ సర్‌కు ఫోన్ చేశాను.

“ఈక ఎవరిదో డీఎన్ఏ చెప్తుంది నీలా. ఎక్కడ రాలిందో చెప్పదు. అది కవరు చెప్పాలి” అన్నారు.

“కవరు లేదు సర్.”

“అయితే అవతలి వనంలోని గూటి నుంచి, ఏ అనుమానమూ లేని ఈక ఒక్కటి తీసుకురా. మిగతావాటిని దానితో పోల్చుదాం.” “ఇంకో మాట. గుర్తున్నంతవరకు నువ్వే రెండు కుప్పలు చేసేయకు” అన్నారు.

అప్పటికే నేను చాప మీద రెండు కుప్పలు చేసి ఉన్నాను. తుడిపేసినట్టు కలిపేశాను.

మర్నాడు పొద్దున్నే కోరుట్ల బస్సు ఎక్కాను. దారి పొడుగునా ఒకటే లెక్క. ఈ రోజు ఏడు. ఈక పట్నం చేరడానికి ఒక రోజు, పరీక్షకు వారం, ఫలితం తప్పొస్తే మళ్లీ చేయడానికి ఇంకో వారం మిగలదు. హన్మండ్లు కాకకు జరిగింది చెప్పకూడదనుకున్నాను. నాలుగు నెలలు ఆయన ఏరిన ఈకలను మా ఇంట్లో బీడీ కట్టలు చేశారని ఏ మొహంతో చెప్పను? ఇంకొక్క ఈక తక్కువైందని మాత్రం అంటాను.

ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. యాభై దాటాయి. చెట్టు రాపిడికి రొమ్ము మీద చర్మం నల్లగా కాయలు కాసి ఉంటుంది.

“ఇంకొక్క ఈక గావాలె కాకా. అవతలి వనంల గూట్లకెళ్లి” అన్నాను.

కత్తి ఆగింది. “వానల తాడిచెట్టు ఎక్కరు బిడ్డా. పట్టు దొరకది.”

“ఎప్పుడెక్కుతరు మరి?”

“రెండు పొద్దులు ఎండ గొట్టాలె.”

“కొట్టకపోతే?”

“సూద్దాం తియ్యి.”

సూద్దాం అనే మాటంటే నాకు పుట్టెడు కోపం. ఆఫీసుల్లో అదే మాట, ఇళ్లలో అదే మాట. నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం దాకా చినుకులు. అడిగినప్పుడల్లా ఆయన ఒకసారి మోకాలు నొప్పి అన్నాడు, ఒకసారి చెట్టు మీద తేనెటీగలున్నాయన్నాడు, ఇంకోసారి వినబడనట్టు కత్తి నూరాడు. ఇక నా వల్ల కాలేదు.

“నాలుగు నెలలు ఎక్కినవ్ గద కాకా! గిప్పుడొక్కసారి ఎక్కుమంటే గింతగనం సతాయిస్తున్నవేంది? వనం పోతే పోయేది నా చెట్లా, నీ చెట్లా?”

ఆయన కత్తి పక్కన పెట్టాడు. నా మొహం చూడలేదు.

“ఎక్కలే బిడ్డా.”

“ఏంది?”

“గా చెట్టు నేను ఒక్కపారి గూడ ఎక్కలే. ఖాకీ కవర్లల్ల ఏసినయ్ గూడ ఇవతలి ఈకలే.”

ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అవతలి వనంలో గూడున్నది తిరుపతి చెట్టు మీద. కల్లు గీసేవాళ్లలో ఒకరి చెట్టుకు ఇంకొకరు మోకు వేయరు. నడుమునూ చెట్టునూ కలిపి కట్టుకునే ఆ తాడు వేశారంటే చెట్టు తమదన్నట్టే. తిరుపతి హన్మండ్లు కన్నా పదేళ్లు చిన్న, ఒకే కల్లుగీత సంఘం, పక్క పక్క వరుసలు గీసినవాళ్లు. జనవరిలో చెట్టు మీద నుంచి పడ్డాడు. నడుం విరిగింది, కాళ్లు పడిపోయాయి. అప్పటి నుంచి మంచం మీదే. వచ్చే సీజనుకు ఎక్కుతానని చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. సంఘం రిజిస్టర్లో ఆయన చెట్లు ఆయన పేరు మీదే ఉంచారు.

“నేను వోయి అడిగితే ఏమన్నట్టు? తమ్మీ, నువ్వింక లేవవు, నీ చెట్టు నాకియ్యి అన్నట్టే గద. గా మాట నా నోటికి రాలే” అన్నాడు. “నువ్వేమో పట్నంకెళ్లి అచ్చుడు అచ్చుడే అవతలియేవి కాకా అంటివి. ఖాళీ కవర్లు చేతికియ్య మనసొప్పలే. పక్షి గదే పక్షి, ఈక గదే ఈక, ఏడ రాలితె ఏంది అనుకున్న. గిది కమిటీ దాంక వోతదని నాకేం ఎరుక?”

మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మ ఆ కవర్లు విప్పకుండా ఉంటే ఏమయ్యేది? తెల్ల కవర్ల ఈకలూ ఖాకీ కవర్ల ఈకలూ అవే రెండు పక్షులవని తేలేది. రెండు వనాల్లో తిరిగేది ఒకే జంట అని నేను ధైర్యంగా సంతకం పెట్టేదాన్ని. అవతలి వనం నా సంతకంతో కూలేది. ఇంత తప్పుకు అంత దగ్గరగా వచ్చాను.

తిడదామని నోరు తెరిచాను. కానీ నేను మాత్రం ఏం నిజం చెప్పాను ఆయనకు? సిగ్గు విడిచి మా ఇంటి సంగతి చెప్పాను. ఫ్యాను, చేట, దారం, అన్నీ.

“ఇరవై ఐదు లెక్కన గట్టిందా?” అన్నాడు. తలూపాను. ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకుందామని చూసి ఆపుకోలేకపోయాడు. “మీ అవ్వ పని మంచిగుంటది బిడ్డా” అన్నాడు. నాకూ నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. మిగిలింది పదమూడు రోజులు.

“పోదాం పా కాకా. నువ్వడుగు, లేకుంటే నేనడుగుత.”

“నువ్వడుగద్దు” అని లేచాడు.

తిరుపతి ఇల్లు నాలుగిళ్ల అవతల. వసారాలో మంచం, మంచం పక్కన ఆయన భార్య ఎల్లవ్వ. బీడీ ఆకు కత్తిరిస్తోంది. మమ్మల్ని చూసి చెంబుతో నీళ్లిచ్చింది. హన్మండ్లు కాక వాన గురించి మాట్లాడాడు. వరి నార్ల గురించి మాట్లాడాడు. నేను గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. చివరికి నేల చూస్తూ అన్నాడు.

“తమ్మీ, కాలువ అవతల నీ చెట్టు మీద డేగ గూడున్నది గద. ఈ బిడ్డకు దాంట్లకెళ్లి ఒక ఈక గావాలె.”

తిరుపతి పైకప్పు వైపు చూశాడు. “సీజన్‌ల నేనే ఎక్కి తీసిస్త.”

“ఇరవై తారీకుకు గావాలె తమ్మీ. లేకపోతే వనమే ఉండది. నీయీ పోతయ్, నాయీ పోతయ్.”

ఎల్లవ్వ కత్తెర ఆగింది. ఆమె మొగుడి మొహం చూడకుండా ఆకు వైపే చూస్తోంది. ఆ ఇబ్బంది నేను తెచ్చిపెట్టిందే, లేచి వెళ్లిపోదామనిపించింది. తిరుపతి గోడ వైపు చెయ్యి చూపాడు.

“నా మోకు తీస్కపో అన్నా. నా చెట్టుకు నా మోకే ఉండాలె.”

గోడ మేకుకు వేలాడుతున్న మోకు జనవరి నుంచి ఎవరూ ముట్టలేదు. ఆయన పడ్డ రోజు నడుముకున్నది అదే. హన్మండ్లు కాక దాన్ని దించి, కాలి కింద తొక్కిపెట్టి రెండు చేతులా గుంజి చూశాడు. బాగుందన్నాడు. బయటికి వచ్చాక మళ్లీ గుంజి చూశాడు. ఆ రెండోసారి చూడటమే నన్ను భయపెట్టింది.

మర్నాడు పొద్దున చినుకు ఆగింది. ఎండ మాత్రం రాలేదు. చెట్టు మొదలంతా తడి, అరచేత్తో రాస్తే నల్లగా జారుతోంది. పైన మబ్బు ఇంకా కిందికి దిగే ఉంది. ఇంకో రోజు ఆగుదామంటే సాయంత్రానికి పెద్ద వాన అని ఫోన్ చెబుతోంది, గూడు కొట్టుకుపోతే ఇక ఈకా లేదు, ఏమీ లేదు.

“వద్దు తియ్యి కాకా” అన్నాను. వద్దంటే గట్టిగా వద్దనాలి. నేను సగం వద్దన్నాను. మిగతా సగం ఏం కోరుకుంటోందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన చెట్టుకు దండం పెట్టి మోకు వేశాడు. సాక్ష్యానికి వీడియో తీద్దామని ఫోన్ పట్టుకున్నాను. తర్వాత చూస్తే అందులో గడ్డి, నా చెప్పులు, కాకా కాకా అని నా గొంతు తప్ప ఏమీ లేవు. సగం చెట్టు ఎక్కేదాకా బాగానే ఉంది. అక్కడ కాలు జారింది. మోకు గీరుకుంటూ మూరెడు కిందికి వచ్చి బిగుసుకుంది. ఆయన రెండు చేతులా చెట్టును కౌగలించుకుని కదలకుండా ఉండిపోయాడు. నేను నేల మీద కూలబడ్డాను. ఈ మనిషికి ఏమన్నా అయితే ఈ ఊళ్లో రెండో మంచం నేనే వేసినట్టు. డేగలూ వద్దు, చదువూ వద్దు, ఈయన కింద కాలు పెడితే చాలని ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కాను. ఒక్క దేవుడి పేరూ సరిగా నోటికి రాలేదు.

కాసేపటికి ఆయన మళ్లీ కదిలాడు. కిందికి వస్తాడనుకుంటే పైకే పోయాడు.

దిగాక అంగీ లోపల నుంచి ఖాకీ కవరు తీసి ఇచ్చాడు. “ఒక్కటే ఉన్నది బిడ్డా. గూటి అడుగున, గుడ్డు పెంకుల కింద.” రెక్క ఈక, పొడుగ్గా, బూడిద రంగు గీతలతో. నేను దాన్ని చూడలేదు, ఆయన అరచేతులు చూశాను. తోలు లేచిపోయి ఉంది.

సాగర్ సర్ ఈసారి నన్ను పరీక్ష చేయనివ్వలేదు. నీ ఇంట్లో కలిసిన ఈకలు నువ్వే పరీక్షిస్తే ఎవరూ ఒప్పుకోరు, ఏది ఎక్కడిదో తెలియనివాళ్లే చేస్తారు అన్నారు. అదీ నిజమే. కోరుట్ల బస్టాండులో కార్గో కౌంటరు దగ్గర కవరూ, నాతో తెచ్చుకున్న ఈకల కట్టలూ డబ్బాలో పెట్టి అప్పగించాను. రసీదు పోతుందేమోనని ఇంటికి చేరేదాకా గుప్పిట్లోనే పట్టుకున్నాను.

ఆ తొమ్మిది రోజులు నాకు అన్నం సయించలేదు. ఇంట్లో మా అమ్మ నా వస్తువులేవీ ముట్టడం లేదు. నేను తిన్న కంచం కూడా తీయడం లేదు, మళ్లీ ఏం పాడు చేస్తానో అన్నట్టు. మూడో రోజు పక్కన కూర్చుని అంతా చెప్పాను. నువ్వు కవర్లు విప్పడమే మేలైందని, లేకపోతే అబద్ధం మీద సంతకం పెట్టేదాన్నని చెప్పాను.

“గట్లనా?” అంది, చేతిలో బీడీ చుడుతూనే. “మరి గంతగనం అరిస్తివి?”

“తప్పైంది అమ్మా.”

“అన్నం దిను ముందుగాల” అంది. సమాధానపడిందో లేదో తెలియలేదు.

పద్దెనిమిదిన సాగర్ సర్ ఫోన్ చేశారు. ఆయన హలో అనే తీరులోనే ఫలితం వెతుక్కున్నాను.

“అరవై ఒక్క ఈకలూ రెండే పక్షులవి. ఒక ఆడ, ఒక మగ. హన్మండ్లు చెప్పింది నిజమే” అన్నారు.

“అవతలి ఈక సర్?”

“అది మూడో పక్షి. ఆడది. ఆ రెండింటి పిల్ల.”

పిల్ల అయితే తల్లి గూటి నుంచి అటు ఎగిరిపోయి వచ్చిందంటారు కమిటీవాళ్లు. ఈకొకటి వదిలేసి పోయిందంటారు.

“తొందరపడకు. ఈ ఏడు పుట్టిన పిల్లకు రెక్క ఈకలు ఇంకా రాలవు. రాలిందంటే అది ఎప్పుడో పుట్టి పెద్దదైంది. ఆడ డేగ రెక్క ఈకలు రాల్చడం మొదలుపెట్టేది ఎప్పుడో తెలుసు కదా?”

తెలుసు. గుడ్ల మీద కూర్చున్నప్పుడు. పెంకుల కింద ఈక ఉందంటే ఆ గూడు దానిదే. అది అక్కడ సంసారం చేసింది. రెండు జంటలు.

హన్మండ్లు కాకకు ఫోన్ చేసి చెబితే, “బిడ్డను కాలువ అవతలికిచ్చిండ్రన్నట్టు” అన్నాడు. “మంచి పనే. సూడబుద్ధైతే ఒక్క ఎగురుడు.” తర్వాత గొంతు తగ్గించి, “నేను జేసిన తప్పు గూడ రాస్తవా?” అన్నాడు.

“రాయాలె కాకా. మా ఇంట్ల తప్పూ రాస్తున్న.”

“రాయి మరి” అన్నాడు.

ఇరవైన జగిత్యాలలో, మేడ మీది హాల్లో కమిటీ కూర్చుంది. నా నివేదిక ఆరు పేజీలు. పెద్దాఫీసరు కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, మా తప్పులు రాసిన నాలుగో పేజీ రెండుసార్లు చదివాడు. గోదాము తరఫున వచ్చినాయన మర్యాదస్తుడు. కోపంగా ఏమీ మాట్లాడలేదు, నాకు అదే ఎక్కువ భయం వేసింది.

“సార్, అరవై ఒక్క ఈకలు ఎక్కడియో మేడమ్‌కే తెల్వది. ఆ పెద్దమనిషి నాలుగు నెలలు ఎక్కని చెట్టు ఎక్కిన అన్నడు. వాళ్లే రాసిచ్చిండ్రు, అబద్ధమని నేనంటలేను. ఇప్పుడీ ఒక్క ఈక మాత్రం ఆ చెట్టుదే అంటే ఎట్ల నమ్మాలె? తాడి కింద పాలు తాగినా కల్లే అంటరు గద సార్” అన్నాడు.

హాల్లో చిన్నగా నవ్వులు. నాతో వచ్చి పక్కన కూర్చున్న హన్మండ్లు కాక లేచాడు. “ఎక్కిన సార్. గీ చేతులతోని ఎక్కిన” అని అరచేతులు చూపించాడు. అవి అప్పటికి మానుతున్నాయి. ఏ చెట్టు ఎక్కినా అరచేతులు అట్లాగే ఉంటాయని ఆఫీసరుకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా దగ్గర గడ్డీ చెప్పులూ ఉన్న వీడియో తప్ప ఇంకేమీ లేదు. ఆరు పేజీల నిజం రాసి, నిజం రాసినందుకే ఓడిపోతున్నాను.

అప్పుడు మెట్ల మీద అలికిడైంది. ఇద్దరు మనుషులు ప్లాస్టిక్ కుర్చీలో తిరుపతిని మోసుకొచ్చారు. వెనక ఎల్లవ్వ. నేను వాళ్లను రమ్మనలేదు. అడగాలన్న ఆలోచన వచ్చినా నోరు రాకపోయేది. ఆ వసారాలో ఒకసారి చూసింది చాలు.

ఆఫీసరు ఆయన పేరడిగి, సంఘం రిజిస్టరు నకలు తిరగేశాడు.

“చెట్టు నీ పేరు మీదున్నది. అచ్చే సీజనుకు నువ్వే గీస్తవని రాసున్నది. ఒకరి చెట్టు ఇంకొకరు ఎక్కరని మీ కట్టుబాటే గద. మరి నీ చెట్టు ఆయనెట్ల ఎక్కిండు?”

“నా మోకిచ్చి నేనే ఎక్కుమన్న సార్.”

“ఎందుకు? సీజనుకు నువ్వే ఎక్కుతవు గద?”

కుర్చీ చేతుల మీద తిరుపతి వేళ్లు బిగుసుకున్నాయి. ఇంటికొచ్చిన ప్రతివాడికీ అయిదు నెలలుగా చెప్పిన మాట ఉంది, అదే ఇక్కడా చెబితే హన్మండ్లు ఎక్కాడన్నది ఎవరూ నమ్మరు. నేను ఆయన మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను.

“నేనింక ఎక్క సార్” అన్నాడు. “నాకు కాళ్లు రావు. రాసుకోండ్రి.”

ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట ఆమె కూడా అదే మొదటిసారి వినడం. గోదాము ఆయన తల దించుకుని తన కాగితాలు సర్దుకున్నాడు, ఇంకేమీ అడగలేదు. ఆఫీసరు రాసుకున్నాడు. అవతలి వనం కొట్టడానికి అనుమతి లేదని, గోదాముకు వేరే జాగా చూసుకోవాలని పావుగంట తర్వాత చదివి వినిపించాడు.

పదిహేను రోజులుగా నేను ఆ మాట కోసమే బతికాను. విన్నాక సంతోషం రాలేదు. వస్తే సిగ్గుపడేదాన్ని. డేగకు ఇల్లు మిగలడానికి ఒక మనిషి నలుగురిలో తన మీద తానే తీర్పు చెప్పుకోవాల్సి వచ్చింది. దాన్ని ఏ పేజీలో రాయాలో నాకు తెలియలేదు.

కిందికి దించడానికి హన్మండ్లు కాక వంగి కుర్చీకి ఒక పక్క పట్టాడు. ఏడుస్తున్నట్టు తెలియకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. తిరుపతి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

“నడుం జాగ్రత్త అన్నా” అన్నాడు. “ఇగ రెండు వరుసలు నువ్వొక్కనివే గియ్యాలె.”